పిట్ట ముట్టని విస్తరి

నా నోరు మంచిది కాదని స్టేషన్ ఘన్‌పూర్‌లో నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లందరికీ తెలుసు. పండగకు రెండు రోజుల ముందు గుడ్డ తెచ్చి రేపటికల్లా కావాలంటే, ఆ గుడ్డ వాళ్ల ఒళ్లోకే విసురుతాను. అయినా వస్తారు. నేను కుట్టిన చంక ఎక్కడా పట్టదు మరి. ఇరవై ఆరేళ్లుగా గుండ్రటి చంకకు గుండ్రటి చెయ్యి కలపడమే నా బతుకు. పెళ్లయింది, విడిపోయింది, ఆ కథ ఇక్కడ అక్కర్లేదు. పట్నం దవాఖానలో డాక్టరు నా కాలేయం సంగతి చెప్పినప్పుడు కూడా నేను రోగిలా వినలేదు, దర్జీలాగే విన్నాను.

కామెర్లు నన్ను ఆరేళ్లు పీడించాయి. మొదట్లో మా అవ్వ, అమ్మను మేం అట్లాగే పిలుస్తాం, ఆకుపసరు తాగించింది, మణికట్టు మీద కాల్పించింది. ఆ మచ్చ ఇంకా ఉంది. తర్వాత పొట్టలోకి నీరు దిగింది. ఏదో వైరస్ అన్నారు. బజారులో మాత్రం "ఆడమనిషికి కాలేయం ఎట్ల చెడుతది? దొంగసాటుగ తాగేదేమో" అన్నారు. అన్నవాళ్లెవరో తెలుసుకుని వాళ్ల జాకెట్లు కుట్టడం మానేశాను. చివరికి కాలేయం మార్చక తప్పదన్నారు. భూపాలపల్లిలో బొగ్గుబావి కార్మికుడికి ఇచ్చిన మా చెల్లె, నాకంటే ఏడేళ్లు చిన్నది, "నాది కోసి దానికి పెట్టుండ్రి" అని ముందుకొచ్చింది. మా ఇద్దరిదీ ఒకటే రక్తం. నిన్నెవరైనా బలవంతం చేశారా అని అధికారులు అడిగితే, "మా అక్క బలవంతం చెయ్యని రోజేది సారూ, చిన్నప్పటి సంది గంతే" అందట. వాళ్లు నవ్వాలో రాసుకోవాలో తెలియక ఆగిపోయారట.

ఆపరేషనుకు ముందు డాక్టరు తెల్లకాగితం మీద కాలేయం బొమ్మ వేసి మూడు గీతలు గీశాడు. "కాలేయం నుంచి రక్తం బయటికి పోవడానికి మూడు పెద్ద సిరలు ఉంటాయమ్మా. కుడి, నడిమి, ఎడమ. మీ చెల్లెలి కుడి భాగం కోసి మీకు పెడతాం. నడిమి సిర ఆమె దగ్గరే ఉండాలి, ఆమె బతకాలి కదా. చిక్కేమిటంటే, కుడి భాగంలోని రెండు పిల్ల సిరలు ఆ నడిమి సిరలోనే పడతాయి. కోశాక వాటికి పోయే దారి ఉండదు."

"దారి లేకుంటే ఏమైతది?" అన్నాను.

"లోపలికి రక్తం వస్తూనే ఉంటుంది, బయటికి పోదు. ఆ భాగం ఉబ్బి పాడైపోతుంది."

తూము మూసుకుపోయిన మడిలో నారు కుళ్లిపోవడం నేను చూసినదే. అర్థమైంది. "మరి ఏం జేస్తరు సారూ?"

"వేరే సిర ముక్క ఒకటి తెచ్చి మధ్యలో అతుకుతాం. ఆ రెండు పిల్ల సిరల నోళ్లు దానికి కుడతాం, దాని రెండో కొస మీ పెద్ద సిరకు కుడతాం."

ఇక నేను ఊరుకుంటానా? ఒక నోరు చిన్నది, ఒకటి పెద్దది అయితే ఎలా కలుపుతారని అడిగాను. చిన్నదాన్ని ఏటవాలుగా కోస్తే నోరు పెద్దదవుతుందన్నాడు. జాకెట్టు చేతికి నేను చేసేదే అది. దారం ఏ రంగన్నాను. నీలం, వెంట్రుక కంటే సన్నం అన్నాడు. ముడి ఎలా వేస్తారన్నాను. ఆయన నా వైపు కొత్తగా చూసి, "సిరలు కలిపేచోట చివరి ముడిని గోడకు బిగించి వెయ్యం. కొంచెం దూరంగా, వదులుగా వేస్తాం. రక్తం వదిలాక సిర ఉబ్బుతుంది, ఉబ్బడానికి చోటుండాలి. బిగిస్తే నడుముకు తాడు కట్టినట్టవుతుంది" అన్నాడు. మేం కుట్టు లోపల గుడ్డ వదిలినట్టే అన్నమాట. పనితనం తెలిసిన మనిషి దొరికాడని నాకు ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యంలోనే అడగకూడనిది అడిగాను. "ఆ సిర ముక్క ఏడికెల్లి తెస్తరు?"

చనిపోయినవాళ్లు అవయవాలు దానం చేసినప్పుడు రక్తనాళాలు కూడా తీసి చల్లగా దాచి ఉంచుతారని చెప్పాడు. ఎవరిదన్నాను. చెప్పకూడదన్నాడు. మొగోళ్లదా, ఆడోళ్లదా అన్నాను. అదీ చెప్పకూడదట. "పెద్దమనిషా, పిల్లనా గదన్న చెప్పుండ్రి" అంటే కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "మీకు పనికొచ్చే మనిషమ్మా, అంతే అనుకోండి" అన్నాడు.

పద్నాలుగు గంటలు పట్టిందట. ఆ తర్వాత ఒక సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మా చెల్లె కడుపులోంచి తీసిన ముక్కను వెంటనే నాకు పెట్టలేదు. మంచుముక్కల గిన్నెలో పెట్టి, ఆ చనిపోయిన మనిషి సిరను ముందు దానికి కుట్టారు. నేను పక్క బల్ల మీద తెలివి లేకుండా పడున్నాను. అంటే ముందు వాళ్లిద్దరూ కలిశారు. ఒకరు బతికున్న మనిషి ముక్క, ఒకరు పోయిన మనిషి ముక్క, చల్లటి గిన్నెలో. ఆ తర్వాతే నన్ను కలుపుకున్నారు.

మర్నాటి నుంచి రోజూ పొద్దున ఒకమ్మాయి చక్రాల బండి మీద మెషిన్ తోసుకొచ్చేది. పొట్ట మీద చల్లటి జెల్లీ రాసి, ఒక పిడిని కట్టు పక్కన ఆనించేది. రక్తం పారే చప్పుడు ఆ మెషిన్‌లో బయటికి వినిపిస్తుంది. మొదటి చోట చప్పుడు గుర్రం దౌడులాగా ఉండేది. రెండో చోట అల కొట్టినట్టు వచ్చి పోయేది. పిడి ఇంకొంచెం లోపలికి వంచితే మూడోది వినిపించేది. అది మిగతా రెండింటిలా లేదు. తలుపు సందులోంచి గాలి లోపలికొస్తున్నట్టు, ఎడతెగకుండా, ఒకటే మెల్లగా. ఆ అమ్మాయి అక్కడ ఎక్కువసేపు ఆగి విని, "పారుతుంది అక్కా, మంచిగుంది" అనేది.

"అదేనా?" అనేదాన్ని.

"అదే" అనేది.

ఆ ఒక్క మాట కోసం రోజంతా ఎదురుచూసేదాన్ని. అది మూసుకుపోతే సగం కాలేయం ఉబ్బిపోతుంది, నేను చచ్చిపోతాను, చెల్లె కడుపు కోయించుకున్నది దండగవుతుంది. నా తలలో ఇంకేమీ లేదు. ఊరూ పేరూ తెలియని ఎవరో ఒక మనిషి వేలెడు సిర పుణ్యాన నేను ఊపిరి తీస్తున్నాను.

నేను చేసిన తప్పు అవ్వకు చెప్పడం.

మా అవ్వ మహబూబాబాద్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. అరవై దాటినా గంజిగుండిగ ఒక్కతే దించుతుంది. నన్ను చూడడానికి దవాఖానకొచ్చినప్పుడు, ఊరికే ఉండలేక మూడో చప్పుడు సంగతి మొత్తం చెప్పాను. ఆమె మొహం మీది నవ్వు పోయింది.

"సచ్చిపోయినోళ్ల నరమా?"

"అవునే. అదే నన్ను బతికిస్తుంది."

"వాళ్లకు దినాలు చేసినరా?"

"నాకెట్ల తెలుస్తది? చేసే ఉంటరు."

"పిట్ట ముట్టిందా?"

మా వైపు మనిషి పోయిన మూడోనాడు, పదకొండోనాడు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి పిట్టకు పెడతారు. కాకి వచ్చి ముట్టుకుంటే పోయినవాళ్లు తృప్తిగా వెళ్లిపోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. పిల్లల్ని సాదుకుంటాం, పొలం అమ్మం అని ఒక్కొక్కరూ మాటిస్తూ కాకి వచ్చేదాకా ఎండలో నిలబడతారు.

"ఎట్ల ముడుతదే?" అంది అవ్వ తనలో తనే. "ఇంక నెత్తురు పారుతనే ఉండె. ఒళ్లంత బూడిదై, గింత నీ కడుపుల బతికుండె. ఆ మనిషి ఎటు పోవాలె? పోలేక, ఉండలేక, మధ్యల పడ్డది. పోలేని మనిషి ఒక్కతి ఉండదు బిడ్డా. తోడు తీస్కపోతది. దాన్ని సాగదోలాలె."

ఆపరేషన్ అయిన ఒళ్లని మరిచి ఒంటికాలి మీద లేచాను. "సాగదోలుడా? అది పోతే నేను పోత! తెలుస్తుందా నీకు? అది ఉంటేనే నేను ఉంట!"

"అది ఉంటే నిన్ను ఉండనియ్యదే!"

డిశ్చార్జి రోజు డాక్టరు నిలబడి చాలాసేపు ఏవేవో జాగ్రత్తలు చెప్పాడు. ఆ సిర గురించి కూడా ఏదో అన్నాడు. నేను తల ఊపుతున్నానే గాని, పక్కన మూట కడుతున్న అవ్వతో "పిట్టకు పెడితే నా మీద ఒట్టు" అని గొంతు తగ్గించి పోట్లాడుతున్నాను. ఆయన అన్నదాంట్లో ఒక్క ముక్క నా చెవిన పడలేదు. ఆమె సరే అంది. అవ్వ సరే అంటే చెయ్యనని కాదు, నీతో మాట్లాడడం అయిపోయిందని.

మూడు నెలలకు మళ్లీ కుట్టుమెషిన్ ముందు కూర్చున్నాను. మూతికి మాస్కు, ఉప్పులేని అన్నం, వేళకు బిళ్లలు. షాపులో నా వెనకాల గోడకు ఒక కొక్కెం ఉంది. కుట్టించుకుని తీసుకుపోకుండానే చనిపోయినవాళ్ల జాకెట్లు అక్కడ తగిలిస్తాను. ఎవరి ఇంటికైనా తీసుకెళ్లి ఇవ్వబోతే వద్దంటారు, పారేయడానికి నాకు చెయ్యి రాదు. అప్పటికి నాలుగున్నాయి. ఇన్నేళ్లూ వాటిని చూసి నాకేమీ అనిపించలేదు. ఇప్పుడు మధ్యాహ్నం పూట బజారు సద్దుమణిగి నేను కాలు ఆపి మెషిన్ ఆపినప్పుడు, ఒక క్షణం ఇంకా ఏదో పారుతున్నట్టు వినిపించేది. తలుపు సందులోంచి గాలి వచ్చినట్టు. లేచి తలుపు చూసేదాన్ని. మూసే ఉండేది. వెనక్కి తిరిగితే నాలుగు జాకెట్లలో ఒకటి మెల్లగా ఊగుతుండేది. ఫ్యాను గాలికే ఊగుతుందని నాకు నేనే చెప్పుకుని, ఫ్యాను ఆగి ఉందని తర్వాత చూసుకునేదాన్ని.

భయపడ్డానా అంటే భయపడ్డాను. కానీ ఆ చప్పుడు వినిపించని రోజు ఇంకా ఎక్కువ భయపడేదాన్ని. "ఉన్నవా?" అని పొట్ట మీద చెయ్యి వేసి మెల్లగా అడిగేదాన్ని. "పోకు. ఇంకొన్నొద్దులు పోకు."

అవ్వ ఒట్టు తప్పిన సంగతి చెల్లె ఫోనులో బయటపెట్టింది. దాని కడుపులో నువ్వుగింజ నానదు. "అక్కా, నువ్వు లొల్లి చెయ్యనంటే చెప్త. అవ్వ అమాస అమాసకు హాస్టల్ ఎనక గోడ మీద పిట్టకు పెడుతుందే."

"ముట్టిందా?"

"ముట్టలే. మూడు అమాసలాయె. మొదలు పెరుగన్నం పెట్టింది. తర్వాత కోడికూర. మొన్న కల్లు సుత పోసిందట. ఆ మనిషికి ఏం ఇష్టమో తెల్వది గద, అన్ని పెట్టి చూస్తుంది."

ముట్టలేదన్న మాట విని నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆ వెంటనే సిగ్గేసింది. ఎవరో పోలేక కొట్టుకుంటున్నారంటే సంతోషించే మనిషినయ్యాను నేను.

తర్వాతి అమావాస్యకు అవ్వతో తాడోపేడో తేల్చుకుందామని మహబూబాబాద్ వెళ్లాను. హాస్టల్ వెనకాల, పిల్లలు కంచాలు కడిగే చోటు దాటాక ఒక పొడుగాటి గోడ ఉంది. మధ్యాహ్నం భోజనాలైపోయాయి. ఎండ పిడిగుద్దులు గుద్దుతోంది. అక్కడి కాకులు మామూలు కాకులు కావు. పిల్లల చేతిలోని గుడ్లు ఎత్తుకుపోతాయి, అవ్వ నెత్తిన తన్ని అప్పడం లాక్కుపోతాయి. గుండిగ కడిగిన నీళ్లలో మెతుకు కనిపిస్తే యుద్ధాలు చేస్తాయి.

అవ్వ నన్ను చూసి ఉలిక్కిపడలేదు. "వచ్చినవా, మంచిగైంది. నువ్వే నిలబడు" అంది. గోడ మీద మోదుగాకు విస్తరి, కొత్తగూడ వైపు నుంచి తెప్పించుకున్నది. అందులో తెల్లన్నం, మేకకూర, గారెలు, పక్కన గ్లాసులో కల్లు, ఒక బీడీ. బీడీ ఎందుకే అంటే, "మొగోడైతే?" అంది. పక్కన ఒక గాజు కూడా ఉంది. అది ఆడదైతే అన్నమాట.

పోట్లాడడానికి వచ్చినదాన్ని, పోయి ఆమె పక్కన నిలబడ్డాను.

కాకులు వచ్చాయి. పది, పదిహేను, ఇరవై. విస్తరికి ఆ పక్కా ఈ పక్కా గోడ మీద బారుగా కూర్చున్నాయి. ఒక్కటి అరవలేదు. అన్ని కాకులు ఒక్కచోట అరవకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. పంపు కింద నీటి చుక్కలు పడడం వినిపిస్తోంది. ఏ ఒక్కటీ విస్తరి వైపు చూడలేదు. మెడలు వంచి, ఒంటికన్నుతో, అన్నీ నా వైపే చూస్తున్నాయి. నా మొహం కాదు. కుట్టున్న చోట.

"తల్లీ, తండ్రీ, నువ్వెవలైనా గాని, జర ముట్టి పో" అంటోంది అవ్వ చేతులు జోడించి. "నీ పిల్లలుంటే సల్లగుండాలె. మా నుంచి తప్పైతే మాపు జెయ్యి."

నేను లోలోపల వేరే మొక్కు మొక్కుతున్నాను. ముట్టొద్దు. ముట్టొద్దు. నీకు పుణ్యముంటది, ముట్టొద్దు.

ఒక కాకి కిందికి దిగింది. మూడు గెంతుల్లో విస్తరి అంచుకొచ్చి, ముక్కు చాచి, ఆగింది. నన్ను చూసింది. గెంతుకుంటూ వెనక్కి వెళ్లి తన చోట కూర్చుంది. మిగతావి సర్దుకుని దానికి చోటిచ్చాయి. గంట తర్వాత అన్నీ ఒక్కసారి లేచి వెళ్లిపోయాయి. మేకకూర ఎండకు అట్టకట్టింది.

"చూసినవా?" అంది అవ్వ. "నువ్వే పట్టుకోని ఉన్నవు." నేను సంచి తీసుకుని స్టేషనుకు నడిచాను.

ఆ వారంలోనే భూపాలపల్లి వెళ్లాను. చెల్లె కుట్టు నా కుట్టంత పొడుగే. దానికి కాలేయం మళ్లీ పెరిగింది, బిందె మొయ్యగలుగుతోంది. మధ్యాహ్నం టీ తాగుతుంటే ఓపెన్ కాస్టు బొగ్గుగనిలో పేలుడు పేల్చారు. నేల అదిరింది, గూట్లో గిన్నెలు ఒకదానికొకటి తగిలి మోగాయి. వాళ్లకు అలవాటే, ఎవరూ తలెత్తలేదు. గిన్నెల మోత ఆగిపోయాక కూడా నా పొట్టలో కుడివైపు ఒక్కచోట అదురు ఆగలేదు. చెల్లె చెయ్యి తీసి అక్కడ పెట్టాను. అది కాసేపు ఆనించి చూసి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"గిదేందే?" అంది.

"నీకు తెల్వదా? నాకంటె ముందు దాన్ని కల్సింది నీ ముక్కనే గద."

చెల్లె ఎప్పుడూ నవ్వే మనిషి, ఆ రోజు నవ్వలేదు. "అక్కా, అవ్వ పొమ్మంటది. నువ్వు ఉండుమంటవు. ఇద్దరు మీ పరేషాన్‌లనే ఉన్నరు. దాని సంగతేందని ఎవలన్న అడిగినరా?"

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. "నడిమి నరం నీకాడ ఉంచుకోని నాకు నీతులు చెప్తవా" అని కసిరాను. టీ తాగకుండా బస్సెక్కాను. దారి పొడుగునా దాని మాటే చెవిలో గింగురుమంది.

తర్వాత అమావాస్యలు గడిచాయి. చెల్లె చెప్పేది, ముట్టలేదక్కా, ముట్టలేదక్కా అని. అవ్వ సేమ్యా పెట్టింది, బిర్యానీ పెట్టింది, కిరస్తానీవాళ్లేమోనని కేకుముక్క కూడా పెట్టిందట. పదో నెలలో ఒక మధ్యాహ్నం నేను పచ్చ జాకెట్టుకు చెయ్యి కలుపుతుండగా అవ్వే ఫోను చేసింది. ఆమె ఎప్పుడూ ముందు నా మందుల సంగతి అడుగుతుంది. ఆ రోజు అడగలేదు.

"పిట్ట ముట్టిందే" అంది.

నా కాలు మెషిన్ మీదే బిగుసుకుంది. "ఏమంటున్నవ్?"

"ముట్టింది. నేను ఇటు తిరిగి అటు తిరిగే లోపట వచ్చింది. ఒక్కటే వచ్చింది. మెతుకు లేకుంట తిన్నది."

"నన్ను సంపినవ్ గదనే అవ్వా!" అని అరిచాను. బజారులో మనుషులు ఆగి చూశారు. "కన్నకడుపేనా నీది? నన్ను సంపినవ్!"

ఆమె ఏదో చెప్పబోయింది. ఫోను పెట్టేశాను. మెషిన్ ఆగింది, ఫ్యాను ఆగింది, నేను ఊపిరి బిగపట్టి విన్నాను. ఏమీ వినిపించలేదు. వెనక్కి తిరిగి చూశాను. నాలుగు జాకెట్లూ కదలకుండా వేలాడుతున్నాయి.

మర్నాడు పొద్దున్నే జనగామ వెళ్లి స్కానింగ్ సెంటర్ తెరవకముందే మెట్ల మీద కూర్చున్నాను. అక్కడ చూసే అమ్మాయిది రఘునాథపల్లి, నా దగ్గర పెళ్లి జాకెట్లు కుట్టించుకుంది. జెల్లీ రాసి పిడి ఆనించింది. గుర్రం దౌడు వినిపించింది. అల వినిపించింది. పిడిని లోపలికి వంచింది.

ఏమీ లేదు.

"అక్కా, జర అటు తిరుగు" అంది. తిరిగాను. "ఊపిరి పట్టు" అంది. పట్టాను. చప్పుడు పెంచే మీట మొత్తం తిప్పింది. ఉత్త బుస్సుమనే మెషిన్ హోరు. పది నెలలుగా గోడకవతల ఉన్న మనిషి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతే ఇట్లాగే ఉంటుంది. ఆ అమ్మాయి నా మొహం చూడకుండా లోపలి డాక్టరమ్మను పిలిచింది. ఆమె కూడా వెతికి, "అది మూసుకుపోయింది" అని మెల్లగా చెప్పి, పట్నం డాక్టరుకు ఫోను కలిపింది.

నేను బల్ల మీదే పడుకుని ఎవరెవరికి ఏమేం చెప్పాలో అనుకున్నాను. చెల్లె కాళ్లు పట్టుకోవాలనుకున్నాను. పచ్చ జాకెట్టుకు ఒక చెయ్యి ఇంకా కలపలేదు. ఇక నా గుడ్డలు కూడా ఏ కొక్కానికో వేలాడతాయి.

పట్నం డాక్టరు నా నెత్తురు పరీక్షలన్నీ చదివించుకుని, ఫోను నాకిమ్మన్నాడు. "ఎందుకమ్మా ఏడుస్తున్నారు? మీ కాలేయం చక్కగా ఉంది."

"అది మూసుకపోయింది సారూ!"

"మూసుకుపోతుందని ఆ రోజే చెప్పానుగా."

"చెప్పలే!"

"చెప్పాను. మీరు మీ అమ్మగారితో పోట్లాడుతున్నారు." ఆయన కోప్పడలేదు. "ఆ సిర అవసరం మొదటి కొన్ని నెలలే. అప్పటికి కాలేయం పెరుగుతుంది, రక్తం పోయే దారులు లోపల అదే వెతుక్కుంటుంది. ఆ తర్వాత చాలామందికి అతుకు మూసుకుపోతుంది. ఏం కాదు. దాని పని అది చేసేసింది."

కళ్లు తుడుచుకున్నాను. తర్వాత అడిగాను. "ఎప్పుడు మూసుకపోయింది సారూ? నిన్న మధ్యానమా?"

"అదెలా తెలుస్తుందమ్మా? మీ వెనకటి స్కాన్ మూడు నెలల కిందటిది. ఈ మూడు నెలల్లో ఏ రోజైనా కావచ్చు" అన్నాడు.

ఇంటికి పోలేదు. జనగామ స్టేషనులో దొరికిన రైలెక్కి మహబూబాబాద్‌లో దిగాను. హాస్టల్లో అవ్వ పప్పు గుండిగ ముందు నిలబడి ఉంది. నన్ను చూసి గరిటె కింద పెట్టేసింది. నేను బతికే ఉన్నానని చెప్పడానికి నాకు మాటలు కావలసి రాలేదు. వెనక పంపు దగ్గరికి తీసుకుపోయి, బట్టల మీదే చెంబెడు నీళ్లు నెత్తిన పోసింది. పిట్ట ముట్టాక అందరూ చేసే స్నానమే.

నీళ్లు కారుతుండగానే అడిగాను. "ఏం పెట్టినవే? అన్నొద్దులు ముట్టనిది నిన్నెట్ల ముట్టింది?"

"ఏం పెడుత? ఉప్పులేని అన్నం, ఉడకేసిన బీరకాయ."

"అది నా తిండి గద."

"మరి!" అంది అవ్వ. "నా తెలివి తెల్లారినట్టే ఉండె. అది ఎన్కట ఏం తినేదో, మొగోడా ఆడదా అని గన్నొద్దులు దేవులాడిన. పది నెలలాయె, నీ కడుపుల ఉండి నీ తిండే తినబట్టె. దానికి వేరే రుచి ఏముంటది? నీకు పెట్టేదే పెట్టిన."

"ఏమని మొక్కినవ్?"

"మొక్కలే. పొమ్మనలే, ఉండుమనలే. నిన్ను పిలిచినట్టే పిలిచిన. ఎప్పుడు తిన్నవో ఏమో, వచ్చి గింత తినిపో బిడ్డా అన్న. అంతే."

గోడ మీద నిన్నటి మోదుగాకు విస్తరి ఇంకా ఉంది, ఎండి ముడుచుకుని, ఒక్క మెతుకు లేకుండా. దాన్ని చూస్తూ తడిబట్టలతో అక్కడే కూలబడి, మా ఇంట్లో మనిషి పోతే ఏడ్చినట్టు ఏడ్చాను. పిల్లలు కంచాలు పట్టుకుని నిలబడిపోయారు, అవ్వ వాళ్లను లోపలికి తోలింది. పేరు తెలియదు, మొహం తెలియదు, ఆడో మగో తెలియదు. పది నెలలు రోజుకు పదిసార్లు ఉన్నవా అని అడిగాను, పోకు పోకు అని బతిమాలాను. తిన్నావా అని ఒక్కనాడు అడగలేదు.